తెల్లవారుజామున, రాత్రిపూట సైకిల్ తొక్కేవాళ్లు ఏ రంగు బట్టలు వేసుకుంటే కనిపిస్తారు?

కొత్తచక్రం

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో కొల్లూరు నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లాలనుకుంటున్నాను. ఉదయం ఐదుంబావుకు బయల్దేరాలి, తిరిగి రావడం రాత్రి ఎనిమిదికి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్ ఉన్నంత మేర దిగులు లేదు. ట్రాక్ దిగాక సర్వీస్ రోడ్డు, రెండు జంక్షన్లు, ఒక యూటర్న్ ఉన్నాయి. టిప్పర్లు, క్యాబులు బాగా తిరిగే దారి. వీధిదీపాలు కొన్ని చోట్ల వెలుగుతాయి, కొన్ని చోట్ల వెలగవు.

జెర్సీ కొనాలి. నియాన్ పసుపు మంచిదా, నారింజ మంచిదా? ఇంట్లో తెల్ల టీషర్టులు బోలెడున్నాయి, అవి చాలవా? షార్ట్స్ ఎక్కడ చూసినా నలుపే దొరుకుతున్నాయి, ఫర్వాలేదా? రోడ్డు పనివాళ్ల జాకెట్ ఒకటి తగిలించుకుంటే చాలని ఒకరు, రంగూ గింగూ అనవసరం, మంచి టెయిల్ లైట్ ఉంటే చాలని ఇంకొకరు చెప్తున్నారు. వీపున లాప్‌టాప్ బ్యాగు కూడా ఉంటుంది.

డైనమో

మీ ప్రశ్నలో పగలూ రాత్రీ కలిసిపోయాయండి. వాటిని విడదీస్తే సగం చిక్కు విడిపోతుంది. పగలు మిమ్మల్ని చూపించేది రంగు. చీకట్లో చూపించేవి ఎదుటివాడి హెడ్‌లైట్‌ని తిప్పి కొట్టే పట్టీ, మీ సొంత లైటు. రాత్రిపూట జెర్సీ రంగు చేసే పని చాలా తక్కువ.

నియాన్ రంగులన్నీ ఫ్లోరోసెంట్ రంగులే. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతినీ, కొంత నీలి కాంతినీ పీల్చుకుని, దాన్ని పసుపుపచ్చగానో నారింజగానో బయటికి వదులుతాయి. తమ మీద పడిన పసుపు వెలుగుకి ఈ అదనపు వెలుగు కూడా తోడవుతుంది కాబట్టే మామూలు పసుపు చొక్కా కంటే అవి మెరుస్తున్నట్టు ఉంటాయి. మబ్బు పట్టిన రోజున, సూర్యుడు రావడానికి కాస్త ముందు, అస్తమించిన కాసేపటి వరకు ఆకాశం నుంచి వచ్చే వెలుగులో నీలం పాలు ఎక్కువ. ఈ రంగులు బాగా పనిచేసేది సరిగ్గా అప్పుడే.

పూర్తి చీకటి పడ్డాక పీల్చుకోవడానికి ఆ కాంతే ఉండదు. పాత హాలోజన్ హెడ్‌లైట్లలో నీలం తక్కువ, సోడియం దీపాల కింద దాదాపు శూన్యం. తెల్ల ఎల్‌ఈడీ దీపాల్లో మాత్రం నీలం బాగానే ఉంటుంది కాబట్టి నియాన్ పసుపు వాటి కింద కొంత బతుకుతుంది. అయినా దీపం లేని సర్వీస్ రోడ్డులో దాన్ని నమ్ముకోకండి.

డిసెంబర్‌లో హైదరాబాద్‌లో సూర్యోదయం దాదాపు ఆరున్నర దాటాకే. మీరు ఐదుంబావుకు బయల్దేరితే ఆఫీసు చేరేదాకా చీకటే. జూన్‌లో 5:40 ప్రాంతంలోనే సూర్యోదయం అవుతుంది, అంటే ప్రయాణమంతా సంధ్య వెలుగు, ఆపైన ఎండ. ఒకే మనిషి, ఒకే సమయం, కానీ ఆర్నెల్ల తేడాతో కావలసిన సరంజామా వేరు.

పసుపు, నారింజల్లో ఏదంటే: మన కన్ను పగటి వెలుగులో 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ మీద, అన్నిటికంటే చురుగ్గా ఉంటుంది. హై విజిబిలిటీ దుస్తుల ప్రమాణం ఈఎన్ ఐఎస్ఓ 20471 అడిగే కనీస ప్రకాశ గుణకం, అంటే బట్ట ఎంత వెలుగుగా కనపడాలన్న అంకె, ఫ్లోరోసెంట్ పసుపుకి 0.70, నారింజ ఎరుపుకి 0.40, ఎరుపుకి 0.25. వెలుగు లెక్కన పసుపుదే పైచేయి. కానీ కనబడటమంటే ఒక్క వెలుగే కాదు, వెనకున్న దృశ్యం నుంచి విడివడటం కూడా. లేత వరి చేల మధ్య రోడ్డు మీదా, వేప చెట్ల వరస కిందా పసుపుపచ్చ కొంత కలిసిపోతుంది, నారింజ విడిగా తెలుస్తుంది. కాంక్రీటు, దుమ్ము, బూడిదరంగు ఫ్లైఓవర్లు ఉన్న మీ దారిలో పసుపే మెరుగు. ఆటోలు, బారికేడ్లు కూడా పసుపే కదా అంటారేమో, వాటిది ముదురు పసుపు. ఫ్లోరోసెంట్ నిమ్మపసుపు వాటి పక్కన కూడా విడిగానే కనిపిస్తుంది.

ఎరుపు, మెరూన్ జెర్సీలు కొనకండి. వెలుగు తగ్గేకొద్దీ కంటి చురుకుదనం 507 నానోమీటర్ల వైపు, అంటే నీలిపచ్చ వైపు జరుగుతుంది. మధ్యాహ్నం కొట్టొచ్చినట్టున్న ఎరుపు సంధ్యవేళ నలుపుగా మారేది అందుకే. ఎరుపు పచ్చ తేడా తెలియని వర్ణాంధత్వం ఉన్న మగవాళ్లలో కొందరికి ఎరుపు పట్టపగలు కూడా ముదురుగానే కనిపిస్తుంది.

తెల్ల టీషర్టు నలుపు కంటే ఎప్పుడూ మేలే. హెడ్‌లైట్ వెలుగులో నల్ల బట్ట తన మీద పడినదాంట్లో నూటికి ఐదు పాళ్లు కూడా వెనక్కి పంపదు, తెలుపు ఎనభై దాకా పంపుతుంది. కాకపోతే తెల్లబట్ట ఆ వెలుగుని నలుదిక్కులా చల్లేస్తుంది. రిఫ్లెక్టివ్ పట్టీ మాత్రం వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. మంచి పట్టీకి ప్రమాణం అడిగేది చదరపు మీటరుకి, లక్స్‌కి 330 క్యాండెలాలు. అదే లెక్కలో తెల్ల బట్ట ఇచ్చేది పావు క్యాండెలా. అంటే డ్రైవర్ కంటికి వెయ్యి రెట్లకు పైగా తేడా.

మిల్లీమీటర్

డైనమో గారు రంగుల సంగతి చెప్పేశారు. దూరాల లెక్క చూస్తే పట్టీ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

కారు 60లో వస్తోంది, మీరు అదే దిశలో 20లో వెళ్తున్నారు. మీ ఇద్దరి మధ్య దూరం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకి 11 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. డ్రైవర్ చూసి, అర్థం చేసుకుని, బ్రేకు మీద కాలు వేసేసరికి ఒకటిన్నర సెకను అనుకున్నా 17 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద మీ వేగానికి తగ్గడానికి ఇంకో 10. మొత్తం 27. డిమ్ లైట్లో నల్ల బట్టల మనిషి ఆనవాలు తెలిసేది సుమారుగా 25, 30 మీటర్ల దగ్గరే. అంటే అంతా సవ్యంగా జరిగితేనే బొటాబొటిగా సరిపోతుంది. ఊహించని వస్తువు ఎదురైనప్పుడు స్పందనకి రెండున్నర సెకన్లు పట్టడం మామూలే. అప్పుడు 38 మీటర్లు కావాలి. వాన పడితే ఇంకో ఐదు కలపండి.

రాంగ్ రూట్‌లో వస్తే ఇదంతా తలకిందులు. 60, 20 కలిసి 80. ఒకటిన్నర సెకనులోనే 33 మీటర్లు హారతి కర్పూరం. ఏ జాకెట్టూ దాన్ని పూడ్చలేదు. యూటర్న్ దూరమని సర్వీస్ రోడ్డులో ఎదురుగా వచ్చేవాళ్లు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవాలి.

ఇక పట్టీ ఎక్కడ? చాలామంది ఛాతీ మీద, వీపు మీద పెట్టి ఆగిపోతారు. మొదట పెట్టాల్సింది చీలమండల మీద. కారణాలు రెండు.

డిమ్ లైటు కిందికి వంచి ఉంటుంది. పైన ఒక గీత గీసినట్టు వెలుగు ఆగిపోతుంది. నలభై యాభై మీటర్ల దూరంలో వెలుగు ఎక్కువగా పడేది మీ పాదాలు, పిక్కల ఎత్తున. వీపు ఎత్తుకి చేరేది చాలా తక్కువ. పట్టీ ఎంత మంచిదైనా దాని మీద వెలుగు పడితేనే కదా తిప్పి పంపేది.

రెండోది కదలిక. పైకీ కిందికీ లయగా ఆడే రెండు చుక్కలు కనపడగానే మెదడు అది మనిషి అని, సైకిల్ తొక్కుతున్నాడని క్షణంలో గుర్తుపట్టేస్తుంది. కదలకుండా ఉన్న మెరుపు ముక్క రోడ్డు పక్క స్తంభం కావచ్చు, ఆగి ఉన్న బండి కావచ్చు, బారికేడ్ కావచ్చు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ పరిశోధకులు ట్రాఫిక్ లేని ట్రాక్ మీద రాత్రిపూట డ్రైవర్లతో చేసిన ప్రయోగం ఒకటి 2012లో అచ్చయింది. సైకిలిస్టు నల్ల బట్టల్లో ఉంటే గుర్తుపట్టింది నూటికి 2 సార్లు, ఫ్లోరోసెంట్ జాకెట్‌తో 15, రిఫ్లెక్టివ్ జాకెట్‌తో 50. ఆ రిఫ్లెక్టివ్ జాకెట్‌కి మోకాళ్ల, చీలమండల పట్టీలు జోడిస్తే 90. రాత్రి నియాన్ జెర్సీ చాలా అన్నదానికి ఆ 15 అంకెలోనే జవాబుంది.

చీలమండకి 4 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ చుట్టూ తిరిగేలా పెట్టండి. వెనక మాత్రమే మెరిసేది వద్దు, జంక్షన్లో పక్కనుంచి కూడా కనపడాలి. తట్టగానే చుట్టుకునే స్లాప్ బ్యాండ్లు పనికొస్తాయి గానీ చెమటకి జారి బూటు మీద కూర్చుంటాయి. వెల్క్రో ఉన్న ఎలాస్టిక్ పట్టీ నిలబడుతుంది. ప్యాంటు వేసుకునేవాళ్లకి కుడికాలి పట్టీ ఇంకో మేలు చేస్తుంది, ప్యాంటు అంచు చైన్‌లో పడదు.

పెడల్ రిఫ్లెక్టర్లు కూడా సరిగ్గా ఇదే పనికి ఉన్నాయి. క్లిప్ పెడళ్లు వేయించుకున్నవాళ్లకి అవి పోతాయి. వాళ్లు బూటు మడమ మీద 5 సెంటీమీటర్ల ముక్క అంటించుకోవాలి.

లారీ డ్రైవర్ల సంగతి వేరే చూడాలి. పట్టీ వెలుగుని వచ్చిన దారినే పంపుతుంది అన్నాం కదా. అంటే హెడ్‌లైట్‌కి ఎంత దగ్గరగా కన్ను ఉంటే అంత బాగా కనిపిస్తుంది. కారులో లైటుకీ కంటికీ మధ్య ఎత్తు తేడా అరమీటరు పైచిలుకు. టిప్పర్‌లో అది మీటరున్నర దాకా ఉంటుంది. 50 మీటర్ల దూరంలో కారువాడి కోణం అర డిగ్రీ కాస్త పైన, టిప్పర్‌వాడిది 1.7 డిగ్రీల దాకా. పట్టీలకు 330 అంకె వచ్చేది 0.2 డిగ్రీల దగ్గర కొలిచినప్పుడు. కోణం పెరిగేకొద్దీ మెరుపు దబ్బున పడిపోతుంది. మీ దారిలో టిప్పర్లు ఎక్కువన్నారు కాబట్టి టెయిల్ లైట్ తప్పనిసరి. పట్టీలు దానికి తోడు. దాని బదులు కాదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. చీకటి గదిలో జాకెట్ తగిలించి పది అడుగులు వెనక్కి వచ్చి, టార్చి కణత పక్కన పెట్టుకుని చూడండి. తర్వాత అదే టార్చి చెయ్యి చాచి పక్కకి పట్టుకుని చూడండి. మెరుపు చప్పబడుతుంది. టిప్పర్ క్యాబిన్‌లోంచి చూసేవాడికి మెరుపు తగ్గేదీ ఇదే కారణంతో.

చైన్‌కవర్

ఇద్దరూ బాగా చెప్పారు. కానీ ఒక అపోహ మిగిలిపోతుందేమోనని రాస్తున్నా. కనిపించడం వేరు, జాగా ఇవ్వడం వేరు.

ఇంగ్లండ్‌లో బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ వాకర్ బృందం సైకిల్‌కి దూరం కొలిచే సెన్సర్ పెట్టి, ఏడు రకాల దుస్తులు మార్చి మార్చి వేసుకుని, కార్లు ఎంత పక్కనుంచి దాటుతున్నాయో కొలిచింది. 2013లో వచ్చిన ఫలితం: రేసు జెర్సీ వేసుకున్నా, పనివాళ్ల జాకెట్ వేసుకున్నా దాటే దూరంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పోలీసు దుస్తుల్లా ఉండి, కెమెరాలో రికార్డవుతోందని రాసి ఉన్న జాకెట్‌కి మాత్రం కొన్ని సెంటీమీటర్లు ఎక్కువ ఇచ్చారు. ఏ దుస్తులు వేసుకున్నా నూటికి ఒకరిద్దరు డ్రైవర్లు అర మీటరు లోపే ఒరుసుకుంటూ పోయారు.

డెన్మార్క్‌లో ఇంకో రకం ప్రయోగం జరిగింది. దాదాపు 6,800 మంది సైకిలిస్టులని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఫ్లోరోసెంట్ పసుపు జాకెట్లు ఇచ్చి ఏడాది పాటు గమనించారు. జాకెట్ వేసుకున్నవాళ్లలో గాయాలైన ప్రమాదాలు 47 శాతం తక్కువ. కానీ తమంతట తామే జారిపడ్డ ప్రమాదాలు కూడా ఆ గుంపులో తగ్గినట్టు తేలింది. పసుపు జాకెట్ వేసుకుంటే ఇసుకలో జారకుండా ఉంటామా? అంటే జాకెట్ గుంపువాళ్లు చిన్నాచితకా ప్రమాదాలు చెప్పకుండా వదిలేసి ఉండొచ్చన్నమాట. ఆ పక్షపాతాన్ని సవరిస్తే తేడా 38 శాతానికి దిగింది. సవరించాక కూడా ఇది చిన్న అంకె కాదు.

నా లెక్కలో ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టుకోవు. చూడకుండా గుద్దేవాడి నుంచి రంగు కాపాడుతుంది. చూసి కూడా ఒరుసుకుంటూ పోయేవాడికి రంగుతో పనిలేదు. వాడి కోసం రోడ్డు మీద మీరు నిలిచే చోటు మారాలి. ఎడమ అంచుని పట్టుకుని, గుంతలు తప్పిస్తూ పాములా పోకండి. అంచు నుంచి ముప్పావు మీటరు లోపలికి, తిన్నగా, ఒకే గీత మీద వెళ్లండి. ఇరుకు చోట్ల ఇంకా లోపలికి రండి.

ఇంకో మాట. ఉదయం తూర్పు ముఖంగా వెళ్లేటప్పుడు సూర్యుడు ఎదురుగా ఉంటే మీ వెనక డ్రైవర్‌కి కూడా కళ్లలోనే ఎండ. అతనికి మీరు నల్లటి నీడలా కనిపిస్తారు. అప్పుడు పసుపుకీ నలుపుకీ తేడా ఉండదు. సూర్యోదయం తర్వాత మొదటి అరగంట అలాంటి దారి తప్పించడం, లేదా వెనక పగటి వెలుగులో కూడా కనపడే బలమైన ఫ్లాష్ లైటు వేయడం, ఈ రెండే దారులు.

కొత్తచక్రం

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, ధన్యవాదాలు. మూడు సందేహాలు మిగిలాయి. ఒకటి, రోడ్డు పనివాళ్ల జాకెట్ చౌకది కొనొచ్చా? రెండు, వీపున బ్యాగు దాన్ని కప్పేస్తుంది కదా? మూడు, వానాకాలం. నల్ల షార్ట్స్ గురించి కూడా ఎవరూ అనలేదు.

మిల్లీమీటర్

షార్ట్స్‌ది మీరు ఏ సైకిల్ తొక్కుతారన్నదాన్ని బట్టి. నిటారుగా కూర్చునే హైబ్రిడ్ అయితే వెనకవాళ్లకి వీపంతా కనిపిస్తుంది. వంచిన హ్యాండిల్ ఉన్న రోడ్ బైక్ మీద వంగి కూర్చుంటే వీపు దాదాపు రోడ్డుకి సమాంతరంగా పడుకుంటుంది. వెనక నుంచి కనపడేవి నడుము కింది భాగం, తొడలు, బూట్లు, హెల్మెట్ వెనక అంచు. అంటే ఖరీదైన నియాన్ జెర్సీ ఆకాశానికి కనిపిస్తుంది, డ్రైవర్‌కి నల్ల షార్ట్స్ కనిపిస్తాయి. నల్లవి మానక్కర్లేదు గానీ తొడ వెనక అంచున 25 మిల్లీమీటర్ల పట్టీ, సీటు కింద సంచి ఉంటే దాని మీద ఒక ముక్క, పసుపు లేదా తెల్ల సాక్సులు, ఇంత చాలు. సాక్సులు కదులుతాయి కూడా, పగటిపూట అంత చౌకలో అంత పని చేసేది ఇంకోటి లేదు.

హెల్మెట్ తెలుపో నియానో తీసుకోండి. ఆగి ఉన్న కార్ల వరస మీదుగా కనిపించేది అదొక్కటే. గ్లవ్స్ కూడా లేత రంగువి. యూటర్న్ దగ్గర కుడిచెయ్యి చాచినప్పుడు నల్ల గ్లవ్ చీకట్లో కలిసిపోతుంది.

కుట్టుమిషన్

జాకెట్ సంగతి నేను చెప్తాను.

నూటయాభై, రెండొందలకి దొరికే జాకెట్లలో బట్ట రంగు చాలావరకు నిజంగా ఫ్లోరోసెంటే. మోసం వెండి పట్టీ దగ్గర. కొన్నిటిలో అది ఉత్త బూడిదరంగు ప్లాస్టిక్. షాపులోనే ఫోన్ ఫ్లాష్ వేసి నాలుగైదు అడుగుల దూరం నుంచి ఫోటో తీయండి. పట్టీ తెల్లగా భగ్గుమంటే అసలుది, బూడిదగానే ఉంటే వదిలేయండి. లోపల లేబుల్ మీద ఈఎన్ ఐఎస్ఓ 20471 అని, పక్కన జాకెట్ బొమ్మ, క్లాస్ అంకె ఉంటే ఇంకా మంచిది. మన దేశ ప్రమాణం ఐఎస్ 15809. క్లాస్ 2 అంటే ఫ్లోరోసెంట్ బట్ట అర చదరపు మీటరు, వెండి పట్టీ 0.13 చదరపు మీటర్లు ఉండాలి. 50 మిల్లీమీటర్ల పట్టీ అయితే 2.6 మీటర్ల పొడవు అవుతుంది. కొనబోయే జాకెట్ పట్టీని టేపుతో కొలిస్తే గుట్టు తెలిసిపోతుంది.

సైకిల్‌కి వదులు జాకెట్ పనికిరాదు. గాలికి తెరచాపలా ఉబ్బి పట్టీ ముడతలు పడుతుంది, కింది అంచు చక్రం దాకా వేలాడితే ప్రమాదం. పక్కల వెల్క్రో ఉన్నది, వల బట్టతో కుట్టింది తీసుకోండి. మే నెలలో నిండు పాలిస్టర్ జాకెట్ భరించలేరు. అప్పుడు భుజాల మీదుగా, నడుము చుట్టూ తిరిగే క్రాస్ బెల్ట్ వాడండి. పగలు జెర్సీ రంగు పనిచేస్తుంది, రాత్రి బెల్ట్ పనిచేస్తుంది.

బ్యాగు మీద జాకెట్ వేసుకోవడం అందరూ చేసే పని, కుదరదు. రెండు దారులున్నాయి. బ్యాగుకి ఫ్లోరోసెంట్ వాన కవర్ తొడగడం ఒకటి. ఇందులో చూడాల్సింది, కవర్ మీద పెద్ద వెండి పట్టీ ఉందా లేక కంపెనీ పేరు మాత్రమే మెరుస్తుందా అని. రెండోది బ్యాగుకే పట్టీ కుట్టించడం. బ్యాగు గుడ్డ మందం కాబట్టి 16వ నంబరు సూది, మూడు మిల్లీమీటర్ల పొడవు కుట్టు. అంచుకి 2, 3 మిల్లీమీటర్ల లోపల ఒకే వరస వేయించండి. దగ్గర కుట్లు, రెండు మూడు వరసలు వేస్తే పట్టీ ఆ గీత వెంట చిరుగుతుంది. అడ్డంగా రెండు పట్టీలు, 50 మిల్లీమీటర్లవి, మధ్యలో జానెడు ఎడం. సాగే లైక్రా మీద మాత్రం నిండు పట్టీ కుట్టించకండి, సాగినప్పుడు పగిలిపోతుంది. ముక్కలు ముక్కలుగా కోసినట్టుండే ఇస్త్రీతో అంటించే రకం దొరుకుతుంది, అది పెట్టండి. ఇస్త్రీ పెట్టె నేరుగా వెండి మీద ఆనకూడదు, మధ్యలో పల్చటి నూలు గుడ్డ ఉండాలి.

వాన: వెండి బట్ట పట్టీలో మెరిసేవి కంటికి కనపడనంత సన్నటి గాజు పూసలు. వాటి మీద నీటి పొర పడితే కాంతి వంగే తీరు మారి మెరుపు తగ్గిపోతుంది. ప్రమాణమే పొడిగా 330 అడిగి, వానలో 100 ఉంటే చాలంటుంది. తేనెపట్టు గళ్లలా కనపడే ప్లాస్టిక్ పట్టీల్లో పూసల బదులు పట్టకాలు ఉంటాయి, పైన నున్నటి పొర ఉంటుంది కాబట్టి తడిసినా పెద్దగా తగ్గవు. బిరుసుగా ఉంటాయి కనుక ఒంటి మీద బట్టలకి కాకుండా బ్యాగుకి, రెయిన్‌కోట్ వీపుకి వాడండి. రెయిన్‌కోట్లు మన దగ్గర ఎక్కువగా ముదురు నీలం, నలుపు. వానలో వెలుగు తగ్గి, డ్రైవర్ అద్దం మీద నీళ్లు పారుతున్నప్పుడు అంతకంటే చెడ్డ రంగు లేదు. జాకెట్ ఎప్పుడూ కోటు పైనే.

ఉతకడంలో చాలామంది పాడుచేస్తారు. తిరగేసి, చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్లలో చేత్తో ఉతకాలి. రాత్రంతా నానబెట్టడం, బ్రష్ వేయడం, బండ మీద బాదడం, బ్లీచింగ్ పనికిరావు. సువాసన కోసం పోసే కండిషనర్ కూడా వద్దు, పూసల మీద జిడ్డు పొర కడుతుంది. ఆరేయడం నీడలో. ఫ్లోరోసెంట్ రంగుని చంపేది దాన్ని మెరిపించే అతినీలలోహిత కాంతే, మేడ మీద రోజంతా ఎండలో వదిలేస్తే త్వరగా వెలిసిపోతుంది. మడత లోపలి బట్టతో పైబట్టని పోల్చి చూడండి. తేడా ఒక్క చూపులో తెలిసిపోతుంటే ఆ జాకెట్ పగటి పని అయిపోయినట్టే. వెండి పట్టీ బాగుంటే రాత్రికి మాత్రం వాడుకోవచ్చు.

రాండో_గోదావరి

బీఆర్‌ఎమ్‌లు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన సుదూర సైకిల్ రైడ్లు, తొక్కేవాళ్ల కోసం ఒక మాట. రాత్రి తొక్కాల్సిన రైడ్లలో రిఫ్లెక్టివ్ జాకెట్, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు లేకపోతే బయల్దేరనివ్వరు. ఫ్రాన్స్‌లో 2008 సెప్టెంబర్ నుంచి ఊరి బయట రాత్రిపూట, వెలుగు సరిగా లేనప్పుడు సైకిలిస్టు రిఫ్లెక్టివ్ జాకెట్ వేసుకోవడం చట్టమే. అక్కడ జరిగే పారిస్ బ్రెస్ట్ పారిస్ సుదూర రైడ్‌కి వెళ్లే మనవాళ్లు మామూలు సన్నటి బెల్టులు పట్టుకెళ్లకుండా ప్రమాణం లేబుల్ ఉన్నదే తీసుకెళ్లండి.

టెయిల్ లైట్లు రెండు పెట్టుకోండి. ఒకటి స్థిరంగా, ఒకటి నెమ్మదిగా ఎక్కుతూ దిగుతూ ఉండేలా. పూర్తి చీకట్లో ఒక్క ఫ్లాషే ఉంటే డ్రైవర్‌కి మీరు ఉన్నారని తెలుస్తుంది గానీ ఎంత దూరంలో ఉన్నారో అంచనా దొరకదు. లైటుని సీటు గొట్టం మీద నిటారుగా నిలబెట్టి, వెలుగు రోడ్డుకి సమాంతరంగా వెనక్కి పోయేలా బిగించండి. గొట్టం వాలుకి తగ్గట్టు వదిలేస్తే చాలా వెలుగు నేల మీదకే పోతుంది. జెర్సీ తోక, సీటు సంచి దాన్ని కప్పుతున్నాయేమో ఎవరినైనా వెనక నిలబెట్టి చూడమనండి. జంక్షన్ల కోసం పక్కలకి కూడా వెలుగు చిమ్మే లైటు కావాలి. అడ్డంగా వచ్చే బండి హెడ్‌లైట్ మీ మీద పడేసరికే ఆలస్యమవుతుంది కాబట్టి అక్కడ పట్టీలు అంతగా ఆదుకోవు.

పాలడబ్బా

జెర్సీలు, హెల్మెట్లు లేని వాళ్ల సంగతి కూడా చెప్పండి. తెల్లవారుజామున నాలుగింటికి పాలు, పేపర్లు వేసేవాళ్లు పంచె, లుంగీ, పాత పెద్ద సైకిల్. వాళ్లని జాకెట్ వేసుకోమంటే వేసుకోరు.

చైన్‌కవర్

మంచి ప్రశ్న. వాళ్లకి బట్టల మీద కాదు, సైకిల్ మీద పెట్టాలి. ఒకసారి అంటిస్తే రోజూ గుర్తుపెట్టుకునే పని ఉండదు.

లారీలకి అంటించే 50 మిల్లీమీటర్ల రేడియం టేపు బాడీ బిల్డింగ్ షాపుల దగ్గర, రేడియం స్టిక్కర్ల కొట్లలో మీటరు లెక్కన దొరుకుతుంది. గళ్లగళ్లుగా ఉండే పట్టకాల రకం అడగండి. నంబర్ ప్లేట్ల మీద అక్షరాలు కోసే మామూలు రంగు స్టిక్కర్లన్నీ మెరవవు, ఫోన్ ఫ్లాష్‌తో చూసి తీసుకోండి. లారీలకున్న పద్ధతే సైకిల్‌కీ పాటిస్తే డ్రైవర్‌కి ఏ వైపు చూస్తున్నాడో వెంటనే తెలుస్తుంది: ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. ఒక సైకిల్‌కి మీటరున్నర చాలు.

వెనక మడ్గార్డ్ చివర తెల్ల రంగు వేసిన చోట ఒక జానెడు ఎరుపు. హ్యాండిల్ కింద గొట్టం మీద తెలుపు. పెడల్ రిఫ్లెక్టర్లు ఊడిపోయి ఉంటాయి, పెడల్ రబ్బరు మీద టేపు నిలవదు. కాబట్టి టేపుని సగానికి చీల్చి క్రాంకుల, అంటే పెడళ్లు బిగించే కడ్డీల, రెండు వైపులా 10 సెంటీమీటర్ల ముక్కలు పసుపువి అంటించండి, తొక్కుతుంటే అవే తిరుగుతూ మెరుస్తాయి. స్పోకులకి తొడిగే సన్నటి రిఫ్లెక్టర్ గొట్టాలు చక్రానికి డజను వేస్తే పక్కనుంచి వలయంలా కనిపిస్తుంది.

పాల సైకిల్‌తో వచ్చే అసలు చిక్కు, వెనక రిఫ్లెక్టర్‌ని, మడ్గార్డ్‌ని డబ్బాలు కప్పేస్తాయి. కాబట్టి డబ్బాలకే అంటించాలి, వెనక వైపు ముఖానికి ఒక్కోదానికి 15 సెంటీమీటర్ల ఎరుపు, బయటి పక్కకి అంతే పసుపు. పేపర్ల సంచి అయితే కుట్టుమిషన్ గారు చెప్పినట్టు కుట్టించాలి, ఈ టేపు జిగురు గుడ్డ మీద పట్టదు. అంటించే ముందు జిడ్డు పోయేలా స్పిరిట్‌తో తుడిచి, ఆరాక టేపుని మధ్య నుంచి అంచులకి బొటనవేలితో గట్టిగా రుద్దండి. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే త్వరగా లేవవు. ఒక రోజంతా నీళ్లు తగలనీయకండి. తర్వాత డబ్బాలు తోమేటప్పుడు టేపు మీద పీచు, బూడిద వాడొద్దని ఇంట్లో కడిగేవాళ్లకి చెప్పండి. గీతలు పడితే మెరుపు పోతుంది.